సాయిల్ సైన్స్ ఎం.ఎస్సీ.కి వెళ్ళాలా, పొలిటికల్ సైన్స్ ఎం.ఏ.కి వెళ్ళాలా?

జీలుగ_పూత · సోమవారం, ఉదయం 7.40

అందరికీ నమస్కారం. నేను కోస్తాలోని ఒక వ్యవసాయ కళాశాలలో బి.ఎస్సీ. ఆనర్స్ అగ్రికల్చర్ నాలుగో సంవత్సరం చదువుతున్నాను. పీజీ చేస్తే సాయిల్ సైన్స్‌లోనే చేస్తానని మొదటి ఏడాది నుంచీ ఇంట్లోనూ హాస్టల్లోనూ చెప్పుకుంటూ వచ్చాను. రావెప్ (రైతుల దగ్గర ఉండి పని నేర్చుకునే గ్రామీణ శిక్షణ) కోసం పల్లెలో ఉన్న నెలల్లో ఆ నిశ్చయం కదిలిపోయింది.

మాకు అప్పగించిన రైతుల్లో ఒకాయన రెండెకరాలు కౌలుకు చేస్తున్నారు. ఊడ్చిన నాట్లు చేలో మచ్చలు మచ్చలుగా చనిపోయాయి. ఎండితే పైన బూడిద రంగు పెచ్చు కడుతుంది, తడిస్తే కాలు నిలవనంత జారుడు. నమూనాలు తీసి కళాశాల ప్రయోగశాలలో చూస్తే ఉదజని సూచిక (పీహెచ్) 9.1, ఇ.సి. (లవణాలను తెలిపే విద్యుత్ వాహకత) 1.2 వచ్చింది. అంటే కారు చౌడు, సోడియం ఎక్కువైన క్షార నేల. ఎకరానికి రెండు టన్నుల దాకా జిప్సం వేసి, నీరు నిలగట్టి, దమ్ము చేసి, మురుగు బయటికి తీయాలనీ, ఆ తరువాత పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లి పూత దశలో కలియదున్నాలనీ చదువుకున్నదంతా ఆయనకు చెప్పాను. ఆయన ఓపికగా విని, "నువ్వు చెప్పింది బాగానే ఉందమ్మాయ్. జిప్సం నేను తోలితే, నేల బాగుపడేనాటికి ఈ చేను ఎవరు చేస్తుంటారు?" అని అడిగారు. నేను ఏమీ చెప్పలేకపోయాను. నాలుగేళ్ళలో చదివిన పేపర్లలో ఆ ప్రశ్నకు చోటున్నది ఒక్కటీ గుర్తుకు రాలేదు.

అప్పటి నుంచి ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ చేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన పట్టుకుంది. ఇంట్లో వాళ్ళు, "వ్యవసాయంలో సీటు తెచ్చుకుని ఆ చదువు దేనికి?" అంటున్నారు. రెండింటిలో ఏది ముందు చదవాలి, ఏది తరువాత చదివినా నడుస్తుంది, అసలు ఈ రెండూ కలిసే చోటు ఏదైనా ఉందా అన్నది తెలిసినవారు చెప్పగలరని అడుగుతున్నాను.

గమ్యం_సివిల్స్ · సోమవారం, ఉదయం 9.05

ఇందులో ఇంత ఆలోచించవలసింది ఏముందండీ? పొలిటికల్ సైన్స్ తీసుకుంటే రాజ్యాంగం, పాలన, అంతర్జాతీయ సంబంధాలు అన్నీ సివిల్స్‌కూ గ్రూప్-1కూ పనికొస్తాయి. రెండేళ్ళు మట్టి జల్లెడ పట్టడం కంటే అది నయం.

రేగడి_పగులు · సోమవారం, ఉదయం 11.20

పై సభ్యుని మాటను ముందుగా సరిదిద్దాలి. సివిల్స్ మెయిన్స్ రాత పరీక్షకు ఉన్న 1750 మార్కుల్లో ఐచ్ఛికానికి దక్కేవి 500. ఆ ఐచ్ఛికంగా పొలిటికల్ సైన్స్ తీసుకోవడానికి ఎం.ఏ. అవసరం లేదు, వ్యవసాయ పట్టభద్రులు కూడా తీసుకోవచ్చు. వ్యవసాయం కూడా ఆ జాబితాలో ఉంది, దాని మొదటి పేపరులో నేలల పాఠమూ ఉంది. పోటీ పరీక్ష కోసమే అయితే రెండు పీజీల్లో ఏదీ చేయనక్కరలేదు.

నేను రాజేంద్రనగర్‌లో సాయిల్ సైన్స్ అండ్ అగ్రికల్చరల్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. జీలుగ_పూత గారు ముందుగా చూసుకోవలసినది తలుపులు ఎటువైపు తెరుచుకుంటాయన్నది. బి.ఎస్సీ. అగ్రికల్చర్ చదివినవారికి ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ తలుపు చాలా విశ్వవిద్యాలయాల్లో ఎప్పటికీ తెరిచే ఉంటుంది, ఎందుకంటే ఏదో ఒక డిగ్రీ, ఆపైన ప్రవేశ పరీక్షలో మార్కులు ఉంటే సరిపోతుంది. ఇగ్నోలోనో అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలోనో ఇంటి నుంచీ చదువుకోవచ్చు. బి.ఏ. చదివినవారికి ఎం.ఎస్సీ. అగ్రికల్చర్ తలుపు తెరవరు. పైగా వ్యవసాయ కోర్సులను దూరవిద్యలో నడపడానికి యూజీసీ నిబంధనలు ఒప్పుకోవు. ముప్పై అయిదేళ్ళు వచ్చాక ఎం.ఏ. చేసినవారు నాకు ఎందరో తెలుసు. ఆ వయసులో ఉద్యోగం మానుకుని మళ్ళీ బ్యూరెట్టు పట్టినవారు మాత్రం ఒక్కరూ తెలియరు.

ఇక "మట్టి జల్లెడ పట్టడం" అన్నారు కనుక ఆ చదువు ఎలా ఉంటుందో చెబుతాను. ఎం.ఎస్సీ.లో మొత్తం 70 క్రెడిట్లు. అందులో ప్రధాన విషయానికి 20, మైనరుకు (ఉప విషయానికి) 8, సహాయక విషయాలకు 6, ఉమ్మడి కోర్సులకు 5, సెమినారుకు 1 పోగా, మిగిలిన 30 క్రెడిట్లూ పరిశోధన గ్రంథానివే. చదువులో సగానికి కాస్త తక్కువ భాగం పొలంలోనూ ప్రయోగశాలలోనూ మన ఒళ్ళు వంచి చేసుకోవలసిందే. సేంద్రియ కర్బనం కొలిచే వాక్లీ-బ్లాక్ పద్ధతినే తీసుకోండి. మట్టిలో పొటాషియం డైక్రోమేటు, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి అరగంట ఆగి, నీరు కలిపి, ఫాస్ఫారిక్ ఆమ్లమూ డైఫినైలమీన్ సూచికా వేసి, ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేటును చుక్కలు చుక్కలుగా వదలాలి. ఊదా రంగు నీలమవుతుంది, నీలం కాస్త మసక పడుతుంది, అక్కడ ఒక్క చుక్క మెరిసే ఆకుపచ్చకు తిప్పేస్తుంది. ఆ చుక్క దాటిపోతే లెక్క తప్పుతుంది, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. మొదటి నెలలో నేను దాటించినన్ని ఫ్లాస్కులు మా బ్యాచ్‌లో ఎవరూ దాటించలేదు. కంటికీ చేతికీ పట్టుబడవలసిన ఈ పనిని పుస్తకం తరువాత నేర్పలేదు. పొలిటికల్ సైన్స్ అలా కాదు, తరువాత కూర్చుని చదువుకోవచ్చు.

పాఠం_చెప్పేవాడు · సోమవారం, రాత్రి 8.50

రేగడి_పగులు గారు చెప్పిన తలుపుల సంగతి నిజం. చివరి వాక్యాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను. డిగ్రీ కళాశాలలో పద్దెనిమిదేళ్ళుగా రాజనీతి శాస్త్రం బోధిస్తున్నాను. హెచ్.ఇ.పి. (చరిత్ర, ఆర్థిక, రాజనీతి శాస్త్రాలు) గ్రూపు రోజుల నుంచి ఇప్పటి సింగిల్ మేజర్ పద్ధతి వరకు చూశాను. "తరువాత కూర్చుని చదువుకోవచ్చు" అన్న భావనతోనే మా తరగతులకు సగం మంది వస్తారు, కోచింగు నోట్సు బట్టీ పట్టి, మార్కులతో బయటికి వెళతారు. విషయం ఏమీ అంటకుండానే పట్టా చేతికొస్తుంది. అది విద్యార్థుల తప్పు కాదు, మేము పరీక్ష పెట్టే తీరు కూడా అలాగే తగలడింది. అలాగని చదువే తేలికని అనుకోకూడదు.

మాదీ చేతికి పట్టుబడవలసిన పనే. ఒక చట్టం పాఠాన్ని ముందు పెట్టుకుని ఇది ఎవరి కోరిక మీద వచ్చింది, ఎవరి భయం వల్ల ఈ మాట ఇందులో చేరింది, అమలు చేయవలసినవాడికి దీనివల్ల ఏమి ఒరుగుతుంది అని అడగడం నేర్చుకోవడానికి రెండేళ్ళు చాలవు. మొదటి సెమిస్టరులో హాబ్స్, లాక్, రూసో చదివేటప్పుడు రికార్డు పుస్తకానికి అలవాటుపడిన విజ్ఞాన శాస్త్ర విద్యార్థులు చాలా ఇబ్బంది పడతారు. "సరైన జవాబు ఏది సార్?" అని అడుగుతారు. జవాబు కన్నా వాదనకే మార్కులని వారు నమ్మడానికి ఒక ఏడాది పడుతుంది.

జీలుగ_పూత గారికి ఒక సంగతి చూపిస్తాను. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన అంశాలు 29 ఉన్నాయి. 73వ సవరణ ద్వారా చేరిన ఆ షెడ్యూలు 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. మొదటి అంశం వ్యవసాయం, వ్యవసాయ విస్తరణ. రెండో అంశం భూమి అభివృద్ధి, భూసంస్కరణల అమలు, కమతాల ఏకీకరణ, నేల సంరక్షణ. మీరు విడివిడిగా చదవాలనుకుంటున్న రెండు చదువులనూ ఒకే పంక్తిలో పెట్టారు చూడండి. అయితే ఆ పంక్తిని ఆచరణలో పెట్టే అధికారం, నిధులు, సిబ్బంది గ్రామ పంచాయతీకి ఎంతవరకు అందాయన్నది రాష్ట్ర శాసనసభ దయ మీద ఆధారపడి ఉంది, ఎందుకంటే ఆ షెడ్యూలుకు ఆధారమైన 243జి అధికరణ "అప్పగించవచ్చు" అంటుందే కానీ "అప్పగించాలి" అనదు. మీ కౌలు రైతు ప్రశ్న ఈ సందులోనే చిక్కుకుని ఉంది.

ఇంకొక విశేషం. 1976లో 42వ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి వెళ్ళినా, వ్యవసాయ విద్య, పరిశోధన రాష్ట్ర జాబితాలోని 14వ అంశంలోనే నిలిచిపోయాయి. అందువల్లనే మీ పాఠ్యప్రణాళిక ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) డీన్ల సంఘం సిఫారసుగా వస్తుంది, దానిని మీ విశ్వవిద్యాలయం స్వీకరిస్తుంది.

శిస్తు_లెక్క · మంగళవారం, ఉదయం 6.15

నేను రెవెన్యూ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేశాను. చదువుల గురించి చెప్పే అర్హత నాకు లేదు, ఆ కౌలు రైతు అడిగిన ప్రశ్న గురించి మాత్రం చెప్పగలను.

కోస్తా, రాయలసీమ జిల్లాల్లో రీసెటిల్మెంటు రిజిస్టరు, అంటే భూమి శిస్తును తిరిగి నిర్ణయించినప్పుడు రాసిన పుస్తకం, ఉంటుంది. ఇంగ్లీషు, తెలుగు రెండూ పక్కపక్కన ఉంటాయి కనుక మేము దానిని డైగ్లాట్ అనేవాళ్ళం. అందులో ప్రతి సర్వే నంబరుకూ ఎదురుగా నేల తరగతి, సార్టు (ఆ తరగతిలో నాణ్యత), తరం (శిస్తు స్థాయి), ఎకరానికి శిస్తు అని గడులు ఉంటాయి. రేగడా, ఎర్ర నేలా, ఇసుక నేలా, అందులో బంక ఎంత, ఇసుక ఎంత అని సెటిల్మెంటు ఉద్యోగులు చేలగట్ల మీద తిరిగి చూసి రాసినవి అవి. పంటకు ఏమి వేయాలో చెప్పడానికి కాదు, సర్కారుకు ఎంత రాబట్టాలో తేల్చడానికి. నేను చేరిన కొత్తలో ఒక వృద్ధ కరణం గారు ఆ గడి మీద వేలు పెట్టి, "ఈ ఊరి మట్టికి జాతకం ఇది" అన్నారు. మన ప్రాంతంలో నేలలను ఊరూరా వర్గీకరించిన పెద్ద పని పన్ను కోసమే జరిగింది. అమ్మాయి గారు రెండు శాస్త్రాలు కలిసే చోటు అడిగారు కనుక ఆ పుస్తకం ఒకసారి చూడమంటాను.

ఇక కౌలు సంగతి. ఆంధ్ర ప్రాంతపు 1956 కౌలు చట్టానికి 1974లో సవరణ చేసినప్పుడు కౌలు గడువు కనీసం ఆరేళ్ళు ఉండాలనీ, ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలనీ పెట్టారు. ఆరేళ్ళంటే మీరు చెప్పిన జిప్సమూ జీలుగా వేసి నేలను బాగుచేసుకుని, ఆ ఫలితం అనుభవించడానికి సరిపోయే కాలం. చట్టం రాసినవారికి నేల తెలియదనలేము. జరిగిందేమిటంటే, కాగితం రాస్తే ఆరేళ్ళు కదలడని భయపడిన భూయజమాని అసలు కాగితమే రాయడం మానేశాడు. నోటి మాట కౌలు, ఏడాదికోసారి మనిషి మార్పు మామూలయ్యాయి. కౌలుదారును కాపాడడానికి పెట్టిన గడువే కౌలుదారు పేరు రికార్డులోకి రాకుండా చేసింది. 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో పంటసాగుదారుల హక్కుల చట్టం వచ్చి 11 నెలల ఒప్పందం తెచ్చింది, అందులో యజమాని సంతకం కావాలి. 11 నెలల్లో ఒక పంటకు అప్పు పుట్టవచ్చు, బీమా రావచ్చు. చౌడు మాత్రం విరగదు.

తెలంగాణ ప్రాంతానికి 1950 నాటి చట్టం వేరే ఉంది, దాని కథ వేరు, ఇక్కడ ఎత్తను.

జీలుగ_పూత · మంగళవారం, మధ్యాహ్నం 1.30

శిస్తు_లెక్క గారూ, మీ జవాబు చదివి చాలాసేపు మాట రాలేదు. ఆరేళ్ళు అన్న మాట ఒకప్పుడు చట్టంలో ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. మా సాయిల్ సైన్స్ పేపరులో సమస్యాత్మక నేలల యాజమాన్యం అన్న కోర్సు ఉంది, అందులో పాల చౌడుకూ కారు చౌడుకూ తేడా నాలుగు సార్లు రాశాను. పాల చౌడులో ఇ.సి. 4 దాటుతుంది, ఉదజని సూచిక 8.5 లోపు ఉంటుంది, మంచి నీటితో లవణాలు కడిగేస్తే చాలు. కారు చౌడులో సోడియం మట్టి కణాలను పట్టుకుని ఉంటుంది కనుక ముందు కాల్షియంతో దానిని తప్పించాలి. ఇంతవరకు నాకు నిద్రలో అడిగినా వస్తుంది. ఎవరి భూమిలో, ఎవరి ఖర్చుతో, ఎన్నేళ్ళకు అన్నవి మా కోర్సులో రావు. పాఠం_చెప్పేవాడు సార్ చెప్పిన పద్ధతిలో అడగడం నేర్చుకోవాలంటే ఎం.ఏ. తప్ప దారి లేదా?

మెరక_చేను · మంగళవారం, సాయంత్రం 4.10

నేను మండల వ్యవసాయాధికారిని. ఉద్యోగాల సంగతి ఎవరూ ఎత్తలేదు కనుక చెబుతున్నాను. మా పోస్టుకు బి.ఎస్సీ. అగ్రికల్చర్ చాలు. సాయిల్ సైన్స్ పీజీ ఉంటే కృషి విజ్ఞాన కేంద్రాల్లో విషయ నిపుణుల పోస్టులు, ఎరువుల కంపెనీలు, ప్రయోగశాలలు, పీహెచ్‌డీ చేస్తే విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక పోస్టులు ఉంటాయి. ఎం.ఏ. పొలిటికల్ సైన్స్‌తో జూనియర్ కళాశాలలో పౌరశాస్త్రం లెక్చరర్ పోస్టు, నెట్ రాస్తే డిగ్రీ కళాశాల. రెండు వైపులా నోటిఫికేషన్ కోసం ఎదురుచూడడం మాత్రం సమానమే.

ఒక్క మాట అమ్మా. భూసార పరీక్ష కార్డు పథకం 2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో మొదలైంది. కార్డు మీద 12 అంశాలుంటాయి. మాగాణిలో రెండున్నర హెక్టార్లకు ఒకటి, మెట్టలో పది హెక్టార్లకు ఒకటి చొప్పున నమూనా తీసి, ఆ గడిలో ఉన్న రైతులందరికీ అవే అంకెలతో కార్డులు ఇవ్వడం మొదట పెట్టుకున్న పద్ధతి. మా మండలంలో ఒక రైతు కార్డు తెచ్చి, "నా చేలో మట్టి మీరెప్పుడు తీశారు?" అని నిలదీశాడు. పక్క చేలో తీశామని చెప్పలేక ఆ పూట నేను పడిన అవస్థ నాకే తెలుసు. ఎన్ని నమూనాలు తీయాలన్నది నేల మార్పుల మీద ఆధారపడి ఉండాలని మీ పుస్తకం చెబుతుంది. డబ్బు, మనుషులు, గడువు ఎంత ఉన్నాయన్న దాని మీద అది తేలుతుందని మా ఫైలు చెబుతుంది. మీరు సాయిల్ సైన్స్ చదివి ఇటు వచ్చినా, పొలిటికల్ సైన్స్ చదివి వచ్చినా ఈ గడి దగ్గరే కూర్చోవలసి వస్తుంది.

పాఠం_చెప్పేవాడు · మంగళవారం, రాత్రి 9.30

జీలుగ_పూత గారూ, దారి లేకపోలేదు. అయితే పుస్తకాల జాబితా ఇచ్చి పంపడం కంటే, మా తరగతిలో ఒక ప్రశ్నను ఎలా విప్పుతామో చూపిస్తే మీకే తేలుతుంది. ఈ ఏడాది మా సెమినారులో తీసుకున్నది యూరియా ధర. 2010 ఏప్రిల్ నుంచి ఫాస్ఫేటు, పొటాషు ఎరువులకు పోషకాల ఆధారిత సబ్సిడీ వచ్చింది, వాటి ధరలు కదలడం మొదలైంది. యూరియా ఆ పద్ధతిలోకి రాలేదు, దాని ధర ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయింది. 2018లో 50 కిలోల బస్తా 45 కిలోలైంది తప్ప ధర పెంచడానికి ఎవరూ చేయి చాచలేదు. ఎందుకు? బస్తా మీద అచ్చయిన ధర ప్రతి రైతుకూ ఎన్నికల నాడు కూడా గుర్తుండే అంకె. నేలలో తగ్గిన పొటాషు ఎవరి కంటికీ కనిపించదు. కనిపించే నష్టాన్ని తప్పించుకుని కనిపించని నష్టాన్ని ఒప్పుకోవడం ప్రభుత్వాలకు సహజం. దానివల్ల దేశంలో నత్రజని, భాస్వరం, పొటాషు 4:2:1 గా ఉండవలసిన ఆదర్శ నిష్పత్తి తప్పింది. పొలిటికల్ సైన్స్ చేసే పని ఈ గొలుసును చూపించడమే.

రేగడి_పగులు · మంగళవారం, రాత్రి 11.05

సార్, గొలుసు బాగుంది, చివరి లింకులో మట్టి తప్పింది. 4:2:1 ఏ పొలానికీ ఆదర్శం కాదు. దేశం మొత్తానికి గీసుకున్న ఒక స్థూల కొలమానం అది. వేరుశనగకూ వరికీ, చెల్క నేలకూ ఒండ్రు నేలకూ ఒకే నిష్పత్తి ఎలా కుదురుతుంది? పప్పుజాతి పంట గాలిలోని నత్రజనిని వేరు బుడిపెల్లో తానే స్థిరీకరించుకుంటుంది. రేగడిలో పొటాషు సహజంగానే మెరుగ్గా ఉంటుంది, తేలిక ఎర్ర నేలల్లో అలా ఉండదు. ఫలానా నిష్పత్తి తప్పింది కనుక నేలలు పాడయ్యాయని పత్రికల్లోనూ, క్షమించాలి, సెమినార్లలోనూ రాసేస్తారు. మట్టి పరీక్ష చూడకుండా ఆ మాట అనకూడదు.

నేను మొదట చెప్పిన మాటకు ఇదే కారణం. మట్టి చేతిలో లేకుండా నేల మీద విధానం గురించి మాట్లాడేవారు ఒక అంకెను పట్టుకుని వేలాడతారు.

పాఠం_చెప్పేవాడు · బుధవారం, ఉదయం 6.40

ఒప్పుకుంటున్నాను. పదేళ్ళుగా ఆ నిష్పత్తిని బోర్డు మీద రాస్తున్నాను, ఎవరూ అడ్డు చెప్పలేదు. తరగతిలో ఒక వ్యవసాయ పట్టభద్రురాలు కూర్చుని ఉంటే మొదటి ఏడాదే ఆపేది. అయితే ధర కదలకపోవడానికి చెప్పిన కారణం అలాగే నిలబడుతుందని మీరూ ఒప్పుకోవాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి ఏటా వెలువడే సిఫారసులు పొలంలో ఎందుకు అమలు కావో అడిగే మనిషి మీ విభాగంలో లేరన్నదే నా ఫిర్యాదు.

రేగడి_పగులు · బుధవారం, ఉదయం 7.15

అది ఒప్పుకోక తప్పదు సార్. మాలో ఆ పని, పరిశోధనను రైతుకు చేరవేసే విస్తరణ విభాగం వారిదని పక్కకు తోసేస్తాం, వారు రైతుకు అవగాహన లేదని రాసి ముగిస్తారు. జీలుగ_పూత గారి కౌలు రైతుకు అవగాహన నిండుగా ఉంది.

గట్టు_దాటి · బుధవారం, మధ్యాహ్నం 2.45

నేను బాపట్లలో బి.ఎస్సీ. చేసి ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని వేగనింగన్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. ఇక్కడ నేల భౌతిక శాస్త్రం చెప్పే విభాగం, ప్రభుత్వ పాలన, విధానం చెప్పే విభాగం ఒకే విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. పట్టణంలోనే ప్రపంచ నేలల ప్రదర్శనశాల ఉంది, ఎన్నో దేశాల్లో గుంత తవ్వి నిలువుగా కోసి తెచ్చిన నేల పొరలను పలకలకు అతికించి గోడల నిండా నిలబెట్టారు. ఇంటి మీద బెంగ పుడితే అక్కడికి వెళ్ళి నల్ల నేలల ముందు నిలబడతాను, నవ్వుకోకండి.

మీ చర్చకు పనికొచ్చే సంగతి ఇక్కడి నత్రజని గొడవ. 2019 మే నెలాఖరులో ఈ దేశపు అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం, నత్రజని ఉద్గారాల అనుమతులకు ప్రభుత్వం పెట్టుకున్న పద్ధతి ప్రకృతి పరిరక్షణ నిబంధనలకు సరిపోదని తీర్పు చెప్పింది. పశువుల పాకల నుంచి లేచే అమ్మోనియా గాలిలో కలిసి రక్షిత ప్రాంతాల నేల మీద దిగుతుంది. పేద ఇసుక నేలలకు అలవాటుపడిన మొక్కలు చనిపోయి గడ్డి కమ్ముకుంటుంది. ఇది నేలల శాస్త్రం. అనుమతులు ఆగిపోవడంతో ఆ శరత్తులో రైతులు ట్రాక్టర్లతో రహదారుల మీదికి వచ్చారు. అదే ఏడాది పుట్టిన రైతు-పౌర ఉద్యమ పార్టీ 2023 మార్చి ప్రాంతీయ ఎన్నికల్లో దేశం మొత్తం మీద మొదటి స్థానంలో నిలిచింది. ఇది రాజనీతి శాస్త్రం. మా తరగతిలో ఈ రెండింటినీ ఒకే వారం చదివాము. ఆ వారం నేల రసాయనం తెలిసినవారు నోరు విప్పారు, తెలియనివారు విన్నారు. రుసుము మాత్రం చిన్నది కాదు, స్కాలర్‌షిప్ లేకుండా రమ్మని ఎవరికీ చెప్పను.

నా సలహా ఒక్కటే. ఎం.ఎస్సీ.లో మైనరుకు 8 క్రెడిట్లు ఉన్నాయని పైన రేగడి_పగులు అన్న రాశారు. సాయిల్ సైన్స్ వారు అలవాటుగా అగ్రానమీ తీసుకుంటారు, గైడు కూడా అదే సంతకం పెట్టిస్తారు. వ్యవసాయ ఆర్థికశాస్త్రమో విస్తరణో తీసుకుంటానని పట్టుబట్టండి.

నిర్వాహకుడు · బుధవారం, సాయంత్రం 6.00

కౌలు చట్టంపై ఏ ప్రభుత్వం మేలు చేసిందన్న వాదనతో వచ్చిన మూడు వ్యాఖ్యలను తొలగించాను. అడిగిన ప్రశ్నకు పరిమితం కావలసిందిగా సభ్యులకు మనవి.

జీలుగ_పూత · గురువారం, ఉదయం 8.20

అందరి జవాబులూ ప్రింటు తీయించుకుని నాన్నగారికి కూడా చదివి వినిపించాను. ఐకార్ పీజీ ప్రవేశ పరీక్షకు దరఖాస్తు చేస్తున్నాను, సాయిల్ సైన్స్ ఉన్న భౌతిక శాస్త్రాల గ్రూపులోనే. సీటు వస్తే మైనరుగా వ్యవసాయ ఆర్థికశాస్త్రం అడుగుతాను. ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి 2022లో యూజీసీ వీలు కల్పించిందని విన్నాను, ప్రయోగశాల ఉండగా దూరవిద్య ఎం.ఏ. కూడా నెత్తిన పెట్టుకోవాలా అన్నది, విశ్వవిద్యాలయం ఏమంటుందో కనుక్కున్నాక ఆలోచిస్తాను. పాఠం_చెప్పేవాడు సార్, ఈలోగా మీ సెమినారుకు బయటివారిని కూర్చోనిస్తారా?

పరిశోధనకు ఒక ఆలోచన వచ్చింది. ఒకే ఊరిలో, సొంతదారు స్వయంగా సాగుచేసే చేలూ, ఏటేటా కౌలుదారు మారే చేలూ పక్కపక్కన తీసుకుని, ఉదజని సూచిక, మార్పిడి సోడియం శాతం (మట్టి కణాలను పట్టుకుని ఉన్న సోడియం వాటా), సేంద్రియ కర్బనం పోల్చి చూస్తే ఎలా ఉంటుంది? రేగడి_పగులు గారూ, ఇది సాయిల్ సైన్స్ విభాగంలో అంశంగా ఒప్పుకుంటారా?

పాఠం_చెప్పేవాడు · గురువారం, ఉదయం 9.00

శనివారాలు పదిన్నరకు. నిష్పత్తులు రాసేటప్పుడు ముందు వరుసలో కూర్చోండి.

రేగడి_పగులు · గురువారం, ఉదయం 10.35

ఒప్పించవచ్చు, ఒక షరతు మీద. మీరు పోల్చే చేలు ఒకే నేల శ్రేణికి, అంటే ఒకే తీరు పొరలున్న నేలకు, చెందాలి. ఊళ్ళల్లో మంచి చేను సొంతదారు ఉంచుకుని, చౌడు చేను కౌలుకు ఇవ్వడం మామూలే. అలాంటి రెండు చేలు పోల్చి, కౌలు వల్ల చౌడు వచ్చిందంటే వైవాలో మిమ్మల్ని కూర్చోబెట్టి ఉతికేస్తారు. కౌలు వల్ల చౌడైందా, చౌడు వల్ల కౌలుకు పోయిందా అన్నది ముందు విడదీయాలి. అందుకు ప్రతి చేలో గుంత తవ్వి కింది పొరలు చూడండి. నాలుగైదు అడుగుల లోతున ఉన్న పొరకు ఈ ఏటి కౌలుదారు ఎవరో తెలియదు. అడుగు పొరలు ఒకేలా ఉండి పై పొరలో మాత్రమే తేడా కనిపిస్తే, అప్పుడు మీ మాటకు బలం వస్తుంది. ఒకప్పటి నేల తరగతి తెలియడానికి శిస్తు_లెక్క గారి డైగ్లాట్ కూడా పనికొస్తుంది.

ఇంకొకటి, రావెప్‌లో తీసిన నమూనాలు ఉన్నాయా? పారేయకండి. నీడలో ఆరబెట్టి 2 మి.మీ. జల్లెడ పట్టినవైతే మళ్ళీ కొలవవచ్చు.

జీలుగ_పూత · గురువారం, రాత్రి 9.15

ఉన్నాయి. ఇప్పుడే హాస్టల్లో మంచం కింద నుంచి లాగి చూశాను. అయిదు సంచులు, జల్లెడ పట్టినవే. లోపల చీటీలు కూడా చెదరలేదు. చీటీలో రైతు పేరు అన్న గడిలో, ఫారంలో ఉన్నట్టుగా, పట్టాదారు పేరే రాశాను. ఆయన హైదరాబాద్‌లో ఉంటారట, నేనెన్నడూ చూడలేదు. మట్టి తీస్తున్నప్పుడు పార పట్టుకుని నిలబడినాయన పేరు ఒక్క సంచి చీటీకి మాత్రం వెనకవైపు పెన్సిలుతో ఉంది. మిగిలిన నాలుగింటి మీద కూడా రాసి లోపల పెట్టాను.